నొప్పికి దొరకని చాప

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆయన అంటే నవ్వి ఊరుకుంటాను, మా ఆసుపత్రి మేనేజరు అంటే మాత్రం ఊరుకోను. తిరువూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు చూసుకునే నర్సుని నేను. విస్సన్నపేట నుంచి రోజూ బస్సు దొరికితే బస్సులో, లేకపోతే షేర్ ఆటోలో వస్తాను. వచ్చిన ప్రతి రోగినీ కూర్చోబెట్టి వివరాలు అడగడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం, రోగి బదులు జవాబు చెప్పేవాళ్ళ నోళ్ళు మూయించడం.

నమ్మరుగానీ, మా దగ్గర మంచం మీద ఉండేది ఒకరు, జవాబు చెప్పేది ఇంకొకరు. "నొప్పి ఎక్కడమ్మా?" అని భార్యని అడిగితే మొగుడు తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూపిస్తాడు. "ఆకలి వేస్తోందా?" అని కూతుర్ని అడిగితే తల్లి అందుకుని "మాకసలు ఆకలే ఉండదు సిస్టర్" అంటుంది. ఎవరికి తల్లీ, నీకా, నీ కూతురికా? "విరేచనం అయిందా?" అంటే పక్క మంచం ఆవిడ చెబుతుంది, పొద్దున బాత్రూము దగ్గర వెనకాల నిలబడింది తనే కాబట్టి. రోగి మాత్రం మా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ పడుకుని ఉంటుంది, తన గురించి కొత్త సంగతులు తెలుసుకుంటున్నట్టు.

పోనీ రోగే చెప్పిందనుకోండి, అడగడం చేతకాకపోతే అదీ దండగే. ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీగా ఉండాలి. "ఏమన్నా తిన్నారా?" అని అడిగితే మనవాళ్ళు నూటికి నూరుమందీ "ఏం తినలేదండి" అంటారు. అబద్ధం కాదు. మనకి తినడమంటే అన్నం తినడం. ఇడ్లీలు తిన్నా, కాఫీ తాగినా తిండి కింద లెక్కలోకి రాదు. ఆపరేషన్ థియేటర్ డ్యూటీ కూడా నాకు పడుతుంది, అక్కడ రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దేవుడి మీద ఒట్టేసి మరీ ఏమీ తినలేదన్నాడు. అన్నం, టిఫిను, కాఫీ, పాలు అంటూ ఒక్కొక్కటే పేరు పెట్టి అడుగుతూ పోతే చివరికి "బస్సులో వస్తూ ఓ మామిడిపండు చీకానమ్మా, అంతే" అన్నాడు. అప్పటికే ఆయనకి గౌను తొడిగేశారు. అందుకే అడిగిందే మళ్ళీ అడుగుతాను, వేరే మాటల్లో అడుగుతాను. విసుక్కునేవాళ్ళు విసుక్కోనీ.

అన్నిటికన్నా ముందు మాట్లాడే మనిషికి మరుగు కావాలి. మా వార్డు ఒక పొడుగాటి గది. మంచానికీ మంచానికీ మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడలేరు, అంత దగ్గర. ఒకరి దగ్గు ఇంకొకరికి నిద్ర చెడగొడుతుంది, ఒకరి సంగతి అందరికీ కాలక్షేపం అవుతుంది. కర్టెన్లు పెట్టించమని మేనేజరుని అడిగీ అడిగీ నా నోరు నొప్పి పుట్టింది. "చూద్దాం మేడం" అనేవాడు. ఆయన చూసేలోగా నేనే చూశాను. ఇంట్లోంచి ఒక పాత నేతచీర తెచ్చి, కిటికీ చువ్వకీ ఎదురు గోడ మేకుకీ నైలాను తాడు కట్టి, ఓ మూల తెరలా వేలాడదీశాను. దాని వెనక ఒక మంచం, మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు. స్టూలు నాకు. నిలబడి అడిగితే ఎంతసేపూ వెళ్ళిపోయేదానిలా కనిపిస్తాను. కూర్చుంటే, వినడానికి వచ్చిందని నమ్ముతారు.

ఆ చీర వెనక ఆడవాళ్ళు మాట్లాడారు. ఏళ్ళ తరబడి జారిన గర్భసంచిని పాతగుడ్డలతో బిగించి కట్టుకుని చేలో కలుపు తీసిన ముసలావిడ ఒకామె ఆ చీర వెనకే మొదటిసారి నోరు విప్పింది. కొడుకులకి తెలియదు, కోడళ్ళకి తెలియదు, కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదట. తిరువూరులోనే ఆటో నడుపుకునే సాయిబుగారు ఒకాయన భార్యని తీసుకొచ్చి, చీర దగ్గరే ఆగిపోయాడు. "మీరు అడగండి మేడం. నేనుంటే తను చెప్పదు. నేను బయట ఆటోలో కూర్చుంటా" అన్నాడు. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో పొమ్మనకుండానే బయటికి వెళ్ళిన మొగుడు ఆయనొక్కడే. ఆయన మొహం నాకిప్పటికీ గుర్తుంది.

ఒకరోజు పొద్దున వచ్చేసరికి తాడు ఉంది, చీర లేదు. పైనుంచి ఎవరో ఆసుపత్రి చూడటానికి వస్తున్నారట. "చీరలు వేలాడుతున్నాయేంటి మేడం, బాలింత గదిలాగా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు మేనేజరు. చూసేవాళ్ళ సంగతి ఆయనకి దిగులు. చెప్పుకునేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. మధ్యాహ్నానికి నా చీర కనిపించింది. వరండా తుడుస్తున్న ఆయమ్మ చేతిలో, సగానికి చించి, తడిపి ఉంది. నాకు చీర పోయినందుకు బాధ లేదు, తెర పోయినందుకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఈ అమ్మాయి వచ్చింది.

వినగడప నుంచి వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. మిరప, మామిడి ఉన్న రైతు కుటుంబం. బడికెళ్ళే కూతురు ఒకతె. ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదని అత్తగారు ఎక్కని గుడి మెట్టు లేదట. ఈ అమ్మాయికి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. అన్నం తింటే కుడి డొక్కలో పోటు, వాంతులు. తీసేయాలని నిర్ణయించారు. మా దగ్గర పెద్ద ఆపరేషన్లు చేసే సర్జనుగారు వారానికి ఒకసారి విజయవాడ నుంచి వస్తారు. ఆయన కారు దిగింది మొదలు అందరికీ కాళ్ళకింద నిప్పులే.

ఆ పొద్దున నేను ముందు కేసుతో ఆపరేషన్ థియేటర్ దగ్గర ఉన్నాను. ఈ అమ్మాయిని వివరాలు అడిగింది కొత్తగా చేరిన నర్సు. పని బాగానే చేస్తుంది, గొంతే పెద్దది. నేను వార్డులోకి వస్తుంటే గుమ్మం దగ్గరికే వినబడింది. "నెలసరి ఎప్పుడొచ్చిందండీ?"

వయసులో ఉన్న ఆడమనిషికి ఆపరేషన్ అంటే ఈ ప్రశ్న అడిగి తీరాలి. కడుపులో బిడ్డ ఉంటే మేమిచ్చే మత్తూ మందులూ ఆ బిడ్డకి చేటు చేయవచ్చు, కడుపు నిలవకపోవచ్చు కూడా. నెలసరి ఈమధ్యే వచ్చిందంటే మా ఆసుపత్రిలో ఇక మూత్రపరీక్ష చేయరు. అంటే ఒక్క మాట మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ మాట చెప్పాల్సిన అమ్మాయి తలవంచుకుని కూర్చుంది. అత్తగారు చెప్పింది.

"శివరాత్రి ఎళ్ళిన మూడోనాడమ్మా. నాకు బాగా గుర్తు. నేనే పక్కన కూర్చోబెట్టాను. మా ఇంట్లో ఇప్పటికీ దూరం పాటిస్తాం. చాప వేరు, పళ్ళెం వేరు, గ్లాసు వేరు. మూడు రోజులు వంటింటి గడప తొక్కనివ్వను."

వార్డంతా విన్నది. పక్క మంచం ఆవిడ "ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారండీ, మీరు కాబట్టి" అని మెచ్చుకుంది కూడా. అత్తగారి మొహంలో వెలుగు చూడాలి. శివరాత్రి వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు. కొత్త నర్సు సరేనని తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది. మొగుడు కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో ఎవరితోనో మిరపకాయల రేటు మాట్లాడుతున్నాడు.

నెలసరి వచ్చింది కోడలికి, తేదీ ఉన్నది అత్తగారి నోట్లో. నాకు నచ్చలేదు. అనుమానం వచ్చి కాదు, నా పద్ధతే అంత. రోగి నోటి నుంచి వినని మాట నేను నమ్మను. చీర ఉండి ఉంటే అక్కడే చీర వెనక్కి తీసుకుపోయేదాన్ని. లేదు కాబట్టి గౌను మార్చాలని చెప్పి, థియేటర్ పక్కన బట్టలు మార్చుకునే చిన్నగదికి రమ్మన్నాను. అమ్మాయితో పాటు అత్తగారూ లేచింది.

"మీరు ఇక్కడే ఉండండి పెద్దమ్మా."

"నేనూ వత్తానమ్మా. దానికి మాటలు రావు."

"రాకపోతే నేర్పిస్తాను. గౌను వేయడానికి ఇద్దరు చాలు" అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో, ఆవిడ మళ్ళీ కూర్చుంది. మొగుడు ఫోన్ తీసి ఒకసారి చూసి, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు.

ఆ గదిలో స్టూలు లేదు. ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. అమ్మాయి గౌను తొడుక్కుని, వెనక ముళ్ళు అందక చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ముళ్ళు వేస్తూ నెమ్మదిగా అడిగాను.

"అమ్మాయ్, నెలసరి ఎప్పుడొచ్చింది?"

"మా అత్తయ్యగారు చెప్పారు గదండీ."

"వచ్చింది మీ అత్తయ్యకి కాదుగా. నువ్వు చెప్పు."

మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాను. ప్రశ్న అడగడం ఎవరికైనా వస్తుంది. అడిగాక నోరు మూసుకుని కూర్చోవడమే కష్టం, నాలాంటి నోరుగలదానికి మరీ. బయట ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు. అప్పుడు ఆ అమ్మాయి గోడ వైపు తిరిగే ఉండి అడిగింది.

"ఒకవేళ కడుపులో ఏమన్నా ఉంటే, ఈ ఆపరేషన్‌కి పోద్దా అండీ?"

నా చేతులు ఆగిపోయాయి. ఆమెని నా వైపు తిప్పుకున్నాను. కళ్ళ నిండా నీళ్ళున్నాయి గానీ ఏడవడం లేదు, అణచుకోవడం అలవాటైన మనిషి.

"రాలేదా?"

"రాలేదండీ."

"మరి శివరాత్రి వెళ్ళాక?"

ఎవరికన్నా చెబుతారా అని అడిగింది. డాక్టరుగారికి చెప్పక తప్పదని చెప్పాను. మీవాళ్ళకి మాత్రం తెలియనివ్వను, నాదీ పూచీ అన్నాను. అప్పుడు చెప్పింది. మిరపకోతలు జరుగుతున్నాయి. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కూలీలు కల్లం దగ్గరే దిగారు. వాళ్ళకి టీలు, ఇంటికి వచ్చేపోయే వాళ్ళకి భోజనాలు. తెల్లారుజామున పొయ్యి దగ్గరికెళితే మళ్ళీ నడుం వాల్చేది రాత్రే. డొక్కలో పోటు వచ్చినప్పుడు గ్యాస్ బండ మీద చెయ్యి పెట్టుకుని వంగి నిలబడేదట, తగ్గేదాకా. ఒకసారి పడుకుంటే, "పట్టపగలు పడకేంటి, ఇంటికి దరిద్రం" అన్నారట. ఇక ఓపిక లేకపోయింది. నెలసరి వచ్చే రోజులు ఎటూ దగ్గరపడ్డాయి. ముందే వచ్చేసిందని చెప్పింది.

"మూడు రోజులు పడుకున్నానండీ" అంది. ఆ మాట అనేటప్పుడు ఆ మొహంలో తప్పు చేసిన భయం కంటే ఆ మూడు రోజుల హాయి ఎక్కువ కనిపించింది. "రెండ్రోజులు ఇటో అటో నిజంగానే వచ్చిద్దిలే అనుకున్నా. వస్తే ఎవరికీ తెలీకుండా సర్దుకుందామనుకున్నా. రాలేదు. వాంతులేమో ముందు నుంచీ ఉన్నయ్యే, రాళ్ళవల్ల అనుకున్నా. అక్కడ ఆ సిస్టర్ అడిగినప్పుడు చెబుదామనే నోరు తెరిచా. ఈలోపే అత్తయ్యగారు చెప్పేశారు. అందరి ముందూ ఆవిడ మాట అబద్ధం అని ఎట్టా చెప్పనండీ?"

నిజంగా వచ్చింది రథసప్తమి రోజున అట. అప్పటి నుంచి లేదు.

నాకు ఆ క్షణాన ఎవరి మీద కోపం వచ్చిందో చెప్పలేను. ఆ ఇంటి మీద వచ్చింది. కళ్ళముందు మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే పడుకోమని అనని ఇల్లు, మైల అనగానే చాప పరిచి ఇచ్చింది. నొప్పికి దొరకని చాప ముట్టుకి దొరికింది. దేన్ని చూసి చీదరించుకుంటారో దాని చాటునే తప్ప ఆడదానికి విశ్రాంతి లేకపోతే, ఆ పిల్ల అబద్ధం చెప్పక ఏం చేస్తుంది? ఆ మేనేజరు మీద వచ్చింది. వార్డు నడిమధ్య గొంతెత్తి అడిగిన కొత్త నర్సు మీద వచ్చింది. తెర లేదు కాబట్టి ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుందని దాన్ని వదిలేశాను.

పరీక్ష చేయించాను. కడుపుతోనే ఉంది.

సర్జనుగారు చేతులు కడుక్కోవడానికి వెళుతుంటే దారిలో ఆపాను. ఆయన చెయ్యి బంగారం, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. ఆ సంగతి తెలుసు కాబట్టే, రెండు తేదీల సంగతీ చెప్పాక విడమరిచి మరీ చెప్పాను. "సార్, పరీక్షలో కడుపని వచ్చింది, ఆపరేషన్ వాయిదా అని మాత్రం చెప్పండి. తేదీల సంగతి ఎత్తకండి. ఇంట్లో ఆ అమ్మాయికి ఇబ్బంది అవుద్ది. ఆ అమ్మాయికి మాటిచ్చాను." ఆయన "సరే మేడం, సరే సరే" అన్నారు. ఆ మూడో 'సరే' దగ్గరే నాకు నమ్మకం పోయింది.

నేను అమ్మాయిని తీసుకుని వార్డులోకి వచ్చేసరికి ఆయన మాకంటే ముందే అక్కడున్నారు.

"ఈ పేషెంటు తాలూకు ఎవరమ్మా? ఇవాళ ఆపరేషన్ లేదు. మీ కోడలు కడుపుతో ఉంది."

అత్తగారు చేతులు జోడించింది. ఆ ఒక్క క్షణం నేను ఆవిడని తిట్టుకోలేదు. ఇన్నేళ్ళ మొక్కులు, ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఏ దేవుడి పేరో. డాక్టరుగారు అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది. ఆపలేదు.

"శివరాత్రికి నెలసరి వచ్చిందని చెప్పిందెవరు? రాలేదట కదా. రథసప్తమికి వచ్చిందే ఆఖరట. ఇట్లా అబద్ధాలు చెబితే మా మెడకి చుట్టుకుంటుందమ్మా. ఈ సిస్టర్ మళ్ళీ అడగబట్టి సరిపోయింది."

నన్ను మెచ్చుకున్నాననుకున్నారు ఆయన.

అత్తగారి చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి గానీ వేళ్ళు విడిపోయాయి. కోడలి వైపు తిరిగింది. "రాలేదా? మరి మొన్న మూడ్రోజులు చాప మీద పడుకుంది ఎవరే?"

అమ్మాయి వెనక ముడి ఊడిపోయిన గౌనుని ఒక చేత్తో పట్టుకుని నిలబడింది, వీపు ఎవరికీ కనబడకుండా గోడకి ఆనుకుని.

"నా చేత చాకిరీ చేయించి నువ్వు కాళ్ళు చాపుకుని పడుకున్నావా? మైల అని అబద్ధమాడావా నాతో? దేవుడి దీపం కూడా నేనే పెట్టాను గదే!"

మొగుడు అప్పటికి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. భార్య కడుపుతో ఉందని తెలిసిన మనిషి, అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది. "అమ్మకి మోకాళ్ళ నొప్పులని తెలీదా నీకు?"

పక్క మంచం ఆవిడ "ఎంత పని చేసిందండీ" అని బుగ్గన వేలు పెట్టుకుంది. ఆవిడే కాదు, మంచాల మీద లేవలేనివాళ్ళు కూడా మోచేతుల మీద లేచి చూస్తున్నారు.

ఇక నావల్ల కాలేదు. "మోకాళ్ళ సంగతి ఆనక మాట్లాడదాం. డొక్కలో రాళ్ళు పెట్టుకుని ఈ మనిషి బండ మీద వంగి ఏడుస్తుంటే మీ ఇద్దరిలో ఎవరన్నా పోయి పడుకోమన్నారా? ఎందుకు అబద్ధం చెప్పావమ్మా అని అడిగారా ఇప్పటికన్నా? బయట చేరితే తప్ప నడుం వాల్చకూడని ఇల్లేంటండీ అది!" అని అరిచాను. అరవడమే. దాచుకోను.

"మా ఇంటి సంగతి నీకెందుకమ్మా? నువ్వు నర్సువి, నీ పని చూసుకో" అంది అత్తగారు.

"అడగడమే నా పని" అన్నాను.

అప్పుడు సర్జనుగారు నా వైపు తిరిగి ఏమన్నారో తెలుసా? "మేడం, వాయిస్ తగ్గించండి. వార్డులో పేషెంట్లున్నారు."

ఆయన గదిలోకి వెళ్ళాక వెనకే వెళ్ళాను. మాటిచ్చానని చెప్పాను కదా సార్ అన్నాను. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "నేను ఉన్నదే చెప్పాను. బిడ్డ దక్కింది. సంతోషించాలి గానీ ఈ గొడవేంటి?" అన్నారు. బిడ్డ దక్కింది, నిజమే. ఆయన దృష్టిలో ఆ గదిలో జరిగింది అంతే. మేనేజరు దృష్టిలో ఒక ఆపరేషన్ పోయింది, రోగి తాలూకు వాళ్ళతో గొడవ పడి ఆసుపత్రి పరువు తీశాను. ఆ సాయంత్రం నన్ను పిలిచి "మీకు ముక్కు మీద కోపం మేడం" అన్నది ఆ సందర్భంలోనే. అత్త మీద కోపం దుత్త మీద చూపించే రకాన్ని కాదు నేను. ఎవరి మీద కోపమో వాళ్ళ మొహానే చూపించాను. ఆయనకీ చూపించాను.

వాళ్ళు వెళ్ళేటప్పుడు అమ్మాయి మామూలు చీర కట్టుకుని, సంచీ తనే మోసుకుంటూ, అత్తగారి వెనకాల నడిచింది. సంచీ ఇమ్మని మొగుడు అడగలేదు. నా ముందు నుంచే వెళ్ళింది గానీ తలెత్తి చూడలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి వార్డులో కర్టెన్లు వచ్చాయి, నీలం రంగువి, మంచానికొకటి. నేను అడిగినందుకు కాదు. ఎవరో పలుకుబడి ఉన్నాయన తల్లిని చేర్పించి, "ఇదేం ఆసుపత్రయ్యా, తెరలు కూడా లేవు" అన్నాడట. ఆ మర్నాడే కొలతలు తీసుకున్నారు.

శ్రావణమాసంలో ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. మా దగ్గర లేడీ డాక్టరుకి చూపించుకోవడానికి. కడుపు బాగా కనిపిస్తోంది. ఈసారి సంచీ అత్తగారి చేతిలో ఉంది. ఫ్లాస్కు, గొడుగు కూడా ఆవిడే పట్టుకుంది. కడుపులో ఉన్నవాళ్ళకి ఆ ఇంట్లో మర్యాద ఎక్కువ. కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

నేను అమ్మాయిని కర్టెను వెనక్కి తీసుకెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. బీపీ చూశాను. కాళ్ళ వాపులు చూశాను. తిండి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, బిడ్డ కదులుతోందా అని అడిగాను. అన్నిటికీ బాగానే ఉందండీ అంది. రాళ్ళు లోపలే ఉన్నాయి కదా. అవి ఎక్కడికీ పోవు. కడుపుతో ఉన్న మనిషికి అవి ముదిరితే తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదం.

"డొక్కలో పోటు వస్తోందా?"

"లేదండీ."

"తిన్నాక?"

"ఏం లేదండీ."

ఆమె ఎడం చెయ్యి ఒడిలో ఉంది. కుడి చెయ్యి పక్కటెముకల కింద ఆనించి ఉంది, అక్కడ పెట్టుకున్నట్టు తనకే తెలియదు. ఆ చెయ్యి మెల్లగా తీసి, అక్కడ నా వేళ్ళు ఆనించి, ఊపిరి పీల్చమన్నాను. పీలుస్తూ పీలుస్తూ సగంలో ఆగిపోయింది. పెదవి కొరుక్కుంది.

"నొప్పేగా?"

"కాదండీ. లోపల తన్నిందండీ."

ఇన్ని నెలలకే బిడ్డ అంత పైన తన్నదు. ఆ సంగతి నాకు తెలుసు, ఒక బిడ్డని కన్నది కాబట్టి తనకీ తెలుసు. దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి చెప్పాను. "ఇక్కడ ఎవరూ లేరమ్మా. తెర ఉంది చూడు. నాతో చెప్పు. మీవాళ్ళెవరికీ తెలియనివ్వను."

ఆ అమ్మాయి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది, కోపమైతే నాకు అలవాటే.

"ఆరోజు కూడా అట్టాగే అన్నారు గదండీ" అంది.

బయట నుంచి అత్తగారు "అయిందా అమ్మాయ్?" అని పిలిచింది. "వస్తన్నా అత్తయ్యా" అంటూ చెయ్యి మళ్ళీ పక్కటెముకల కింద పెట్టుకుని లేచింది. కర్టెను తనే పక్కకి జరుపుకుని వెళ్ళిపోయింది. కర్టెను కొత్తది, మడతల గీతలు కూడా ఇంకా పోలేదు.